పక్షవాతం తర్వాత నడక: ట్రెడ్‌మిల్ కొనాలా, రోబో దగ్గరికి వెళ్లాలా?

ప్రశ్న: మావారికి 61 ఏళ్లు. ఏడు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట బాగానే ఉంది. చెయ్యి ఇంకా అంతంత మాత్రమే. కర్ర పట్టుకుని హాల్లో నడుస్తున్నారు గానీ ఎడమ పాదం వేలాడుతోంది, గడప దగ్గర వేళ్లు తగులుకుంటున్నాయి. నాలుగు చుట్లు తిరిగేసరికి అలసిపోయి కూర్చుంటారు. ఆస్పత్రిలో ఇచ్చిన ప్లాస్టిక్ స్ప్లింట్ ఒరుసుకుంటోందని బీరువాలో పెట్టేశారు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, మాత్రలు వాడుతున్నారు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి లక్షన్నర పంపిస్తాను, మంచి ట్రెడ్‌మిల్ కొనమంటున్నాడు. ఒక సెంటర్‌వాళ్లు రోబోతో నడిపిస్తాం, ఇరవై సిట్టింగులు చేయించుకోమన్నారు. మోకాలి కింద కట్టుకుంటే కరెంటుతో పాదం పైకి లేపే పట్టీ ఒకటుందని ఫోన్లో చూశాను. ఆరు నెలలు దాటాక ఎంత చేసినా ఇంతేనని మా బంధువొకాయన అంటున్నారు. ఏం చెయ్యమంటారు? మాది మర్రిపాలెంలో రెండో అంతస్తు ఫ్లాట్, లిఫ్ట్ ఉంది.
– ఒక ఇల్లాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ముందు మీ బంధువుగారి మాట మనసులోంచి తీసెయ్యండి. మొదటి మూడు నాలుగు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడమంటే ఆగిపోవడం కాదు. అమెరికాలో 408 మందితో చేసి 2011లో ప్రచురించిన లీప్స్ అధ్యయనంలో ఒక గుంపుకు పైనుంచి బెల్టులతో పట్టి ఉంచి నడిపించే ట్రెడ్‌మిల్ శిక్షణను రెండో నెలలో మొదలుపెట్టారు, ఇంకో గుంపుకు ఆరు నెలలు నిండాక మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా నడిచాయి. మీవారు ఇప్పుడున్నది సరిగ్గా ఆ రెండో గుంపు మొదలుపెట్టిన దశలోనే.

అదే అధ్యయనంలో మీ అబ్బాయికి చెప్పాల్సిన సంగతి ఇంకొకటుంది. మూడో గుంపుకు ట్రెడ్‌మిల్ లేదు, పైనుంచి వేలాడదీసే బెల్టులూ లేవు. ఫిజియోథెరపిస్టు ఇంటికే వెళ్లి కాళ్ల బలం, నిలకడ పెంచే వ్యాయామాలు చేయించి, రోజూ నడవమని ప్రోత్సహించారు. అందరికీ 36 సిట్టింగులే. ఫలితంలో ఈ మూడో గుంపు ట్రెడ్‌మిల్ గుంపులకు తీసిపోలేదు. అందుకే ఇవాళ్టికివాళ ట్రెడ్‌మిల్ కొనవద్దంటాం. యంత్రాల వల్ల ఉపయోగం లేదని కాదు, మీవారికి ఏది అడ్డుపడుతోందో తేలకుండా యంత్రం ఎంచుకోకూడదని.

నడక రావాలంటే నడవాలి, అదీ చాలా నడవాలి. అమెరికా, కెనడాల్లోని పునరావాస కేంద్రాల్లో సిట్టింగులను పరిశీలించి, ఒక్కో సిట్టింగులో రోగి వేస్తున్నది సగటున 357 అడుగులేనని 2009లో లెక్క తేల్చారు. కాలు మళ్లీ దారిలో పడటానికి అది చాలదు. యంత్రం ఏదైనా దాని నుంచి మనకు కావలసింది ఒక్కటే: తక్కువ సమయంలో ఎక్కువ అడుగులు, వీలైనంత సరైన తీరులో, కాస్త ఆయాసం వచ్చేలా వేయించాలి. అది చెయ్యలేని పరికరం ఎంత ఖరీదైనా మీకు పనికిరాదు. అది చెయ్యగలిగితే ఫోన్లో ఉచితంగా దొరికే యాప్ కూడా పనికొస్తుంది.

ముందు కొలవండి. మీ అపార్ట్‌మెంట్ కారిడార్‌లో టేపు పెట్టి 14 మీటర్లు కొలిచి, మొదట్లో 2 మీటర్ల దగ్గర ఒక గీత, 12 మీటర్ల దగ్గర ఒక గీత చాక్‌పీసుతో గియ్యండి. ఆయన మొదటి చివర నుంచి రెండో చివర దాకా తన మామూలు నడకతో, కర్రతోనే నడవాలి. మీరు మధ్యలోని 10 మీటర్లకు పట్టిన సెకన్లు మాత్రమే ఫోన్ స్టాప్‌వాచ్‌తో లెక్కపెట్టండి. ముందూ వెనుకా రెండేసి మీటర్లు వదిలెయ్యడం ఎందుకంటే, మొదలెట్టేటప్పుడు, ఆగేటప్పుడు నడక ఎవరికైనా నెమ్మదిస్తుంది. మూడుసార్లు చేసి సగటు తియ్యండి. 25 సెకన్లు దాటితే అది ఇంట్లో తిరగడానికే సరిపోయే నడక. 25 నుంచి 12.5 సెకన్ల మధ్య ఉంటే వీధిలోకి కొంతవరకు వెళ్లగలరు. 12.5 కంటే తక్కువైతే బజారుకూ గుడికీ సొంతంగా వెళ్లొచ్చే నడక. మీరు రాసినదాన్నిబట్టి ఆయన ఈ మూడింటిలో మధ్య రకానికి కింది అంచున ఉంటారు. ఉదాహరణకు 22 సెకన్లు అనుకుందాం, గంటకు సుమారు 1.6 కిలోమీటర్ల వేగం. ఈ అంకె కింద రెండు మూడు చోట్ల పనికొస్తుంది, రాసిపెట్టుకోండి.

అదే కారిడార్‌లో ఫోన్‌ను మోకాలి ఎత్తు స్టూలు మీద నిలబెట్టి స్లో మోషన్ వీడియో తియ్యండి, ఒకసారి ఎడమ పక్క నుంచి, ఒకసారి వెనక నుంచి. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి ఉండాలి, లేకపోతే ఏమీ కనపడదు. వీడియోలో ఎడమ కాలు ముందుకొచ్చేటప్పుడు చూడండి. పాదం వేళ్లు కిందికి వాలి నేలకు రాసుకుంటున్నాయా? మోకాలు వంగకుండా కర్రలా ఉండి కాలిని బయటినుంచి చుట్టూ తిప్పి వేస్తున్నారా? ఇక ఆ కాలి మీద బరువు పడ్డప్పుడు మోకాలు వెనక్కి విరిగినట్టు వంగుతోందా? చికిత్స ఈ మూడింటికీ మూడు రకాలు. చాలా ఇళ్లలో ఈ ఒక్క పని జరగకే డబ్బు వృథా అవుతోంది.

పాదం వాలడానికి కూడా అసలు కారణం ఏమిటో ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. ఆయన కుర్చీలో కూర్చుని ఎడమ కాలు ముందుకు చాచాలి, మోకాలు పూర్తిగా నిటారుగా ఉండాలి. మీరు మడమ పట్టుకుని, అరచేతితో పాదాన్ని నెమ్మదిగా పైకి నొక్కండి. గట్టిగా కుదిపితే పిక్క ఇంకా బిగుసుకుంటుంది, అందుకే నెమ్మదిగా. పాదం కాలికి లంబంగా, అంటే 90 డిగ్రీల దాకా వస్తే పిక్క బాగానే ఉన్నట్టు, పాదం ఎత్తే ముందు కండరానికే బలం లేదన్నమాట. అక్కడిదాకా రాకపోతే పిక్క బిగుసుకుపోయింది. బిగుసుకున్న పిక్క మీద కరెంటు పట్టీ కట్టినా పాదం లేవదు. ముందు రోజూ సాగదీయడం, అవసరమైతే బిగుతు తగ్గించే మాత్రలో బోటాక్స్ ఇంజెక్షనో న్యూరాలజిస్టు చెప్పాలి.

ఇక బీరువాలో ఉన్న స్ప్లింట్. దయచేసి ఇవాళే బయటికి తియ్యండి. పాదం వాలకుండా ఆపడంలో, నడక వేగం పెంచడంలో ఈ ప్లాస్టిక్ ముక్కకూ ఖరీదైన కరెంటు పట్టీకీ పెద్ద తేడా లేదని పోల్చి చూసిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఒరుసుకుంటోందంటే స్ప్లింట్ వద్దని కాదు, దాన్ని సరిచెయ్యాలని. అరగంట తొడిగి విప్పి ఎక్కడ ఎర్రబడిందో చూడండి. మామూలుగా బయటి చీలమండ ఎముక మీద, చిటికెన వేలి వైపు పాదం అంచున, పిక్క వెనక పై అంచున ఒరుస్తుంది. ఆ చోట్లకు పెన్నుతో గుర్తు పెట్టి, స్ప్లింట్ చేసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే హీట్‌గన్‌తో ప్లాస్టిక్‌ను మెత్తబరిచి ఆ మేరకు బయటికి నొక్కిస్తారు. చిన్న పని. లోపల ముడతలు లేని నూలు సాక్సు వెయ్యాలి. మొదటి రోజు ఒక గంట, తర్వాత రోజుకో గంట చొప్పున పెంచండి. విప్పాక అరగంటకీ ఎరుపు పోకపోతే ఆ రోజు మళ్లీ తొడగొద్దు. షుగర్ ఉన్నవారికి, పైగా ఆ కాలికి స్పర్శ తగ్గినవారికి పుండు పడ్డా తెలియదు కాబట్టి ఈ చూడటం మీ పనే.

ఇంకో చిక్కు మన ఇళ్లలోనే ఎక్కువ. ఇంట్లో చెప్పులు వేసుకోం. ఒట్టి స్ప్లింట్‌తో టైల్స్ మీద నడిస్తే జర్రున జారుతుంది, తడి ఉంటే మరీను. ఇంటి కోసమే ఒక జత కడిగి ఉంచండి: వెనక మడమకు పట్టీ, పైన వెల్‌క్రో ఉన్న శాండల్స్ లేదా షూ, స్ప్లింట్ పట్టడానికి ఒక సైజు పెద్దది, లోపలి అట్ట తీసెయ్యగలిగేది. హవాయి చెప్పులు ఈ కాలికి ఇక వద్దు. వేళ్లతో పట్టి ఉంచే బలం లేక ఊడిపోతాయి, పడే ప్రమాదం అక్కడే.

ఇప్పుడు ఖర్చులేని యంత్రం సంగతి. ఫోన్లో మెట్రోనోమ్ యాప్ ఒకటి వేసుకోండి, టక్ టక్‌మని తాళం వేసేది. ఆయన మామూలుగా నడుస్తుంటే ఒక నిమిషంలో రెండు కాళ్లవీ కలిపి ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టండి. 62 అనుకుందాం. మొదటి వారం తాళాన్ని 62 మీదే పెట్టి, ప్రతి టక్‌కీ ఒక పాదం నేలను తాకేలా నడిపించండి. మొదట్లో ఎడమ కాలు ఆలస్యంగా పడుతుంది, రెండు మూడు రోజులకు సర్దుకుంటుంది. చెవికి వినపడే లయ కాళ్లను క్రమంలో పెడుతుందన్నది పక్షవాతం రోగుల్లో బాగా పరీక్షించి చూసిన విషయం. కుంటి నడకలో రెండు అడుగుల మధ్య సమయం ఎగుడుదిగుడుగా ఉంటుంది, తాళం దాన్ని సమం చేస్తుంది. రెండో వారం నుంచి వారానికి ఐదు శాతం పెంచండి: 65, తర్వాత 68, 71. తాళం పెంచగానే అడుగు పొట్టిదైపోయి చిటుకు చిటుకుమని నడుస్తుంటే పెంచింది ఎక్కువైందని అర్థం, వెనకటి అంకెకు రండి. ఆయనకు ఇష్టమైన పాట ఏదైనా ఆ లయకు సరిపోతే అదే పెట్టుకోవచ్చు. ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు, మీ మాట, వెనకనుంచి వచ్చే మనిషి అలికిడి ఆయనకు వినపడాలి.

ఎంతసేపు? నాలుగు చుట్లకే కూర్చుంటున్నారు కాబట్టి ఒకేసారి పావుగంట నడిపించబోకండి. కారిడార్‌లో కుర్చీ వేసి, ఒకటిన్నర నిమిషం నడక, ఒక నిమిషం కూర్చోవడం, ఇలా ఆరుసార్లు. నడిచింది మొత్తం తొమ్మిది నిమిషాలే అయినా అడుగులు 550 దాటతాయి. వారానికి ఐదు రోజులు. ప్రతి వారం ఒక్కో విడతకు అర నిమిషం చేర్చండి, ఆరో వారానికి విడతకు నాలుగు నిమిషాలవుతుంది. అప్పటికి తాళం 70 దగ్గరుంటే రోజుకు 1600 పైచిలుకు అడుగులు.

ఆయాసం ఎంత ఉండాలంటే, నడుస్తూ మీతో రెండు మాటలు మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి. చేతి వాచీ చూపించే గుండె వేగాన్ని నమ్ముకోకండి. బీపీ మాత్రల్లో మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసోప్రొలాల్ లాంటివి ఉంటే గుండె వేగం పెరగనివ్వవు, వాచీ తక్కువ చూపిస్తుంటే మీరు ఇంకా నడవమంటారు, ఆయన కుప్పకూలతారు. అడుగుల లెక్కలోనూ అంతే. జేబులో ఫోన్, చేతికి బ్యాండ్ ఇంత నెమ్మది నడకలో సగం అడుగులు మింగేస్తాయి. బ్యాండ్‌ను బాగున్న కుడి కాలి చీలమండకు కట్టి, ఆయన 50 అడుగులు వేస్తుంటే మీరు నోటితో లెక్కపెట్టి పోల్చండి. ఒక కాలికే కట్టారు కాబట్టి కొన్ని బ్యాండ్లు 25 చూపిస్తాయి, అప్పుడు రెట్టింపు చేసుకుంటే సరి. రోజుకో రకంగా చూపిస్తే దాన్ని పక్కన పెట్టి నిమిషాలే రాసుకోండి.

మొదలుపెట్టే ముందు బీపీ చూడండి. 180/110 దాటి ఉంటే పావుగంట కూర్చోబెట్టి మళ్లీ చూసి, అప్పటికీ తగ్గకపోతే ఆ రోజు నడక మానేసి డాక్టరుకు చెప్పండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతుంటే, 100 కంటే తక్కువున్నప్పుడు రెండు బిస్కెట్లో ఒక అరటిపండో తిని కాసేపాగి నడవాలి. పట్టుకునేటప్పుడు ఎడమ చెయ్యి పట్టి లాగొద్దు, భుజం కీలు జారిపోతుంది. నడుముకు చేతిపట్టీలున్న బెల్టు కట్టి, మీరు ఎడమ పక్క ఒక అడుగు వెనకగా నడుస్తూ ఆ పట్టీని పట్టుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మూతి వంకర, మాట తడబడటం, కొత్తగా ఏ భాగమైనా బలహీనపడటం కనిపిస్తే రేపు చూద్దామనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. ఒక పిక్క మాత్రం వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అందులో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ కాలిని పిసకవద్దు, నడిపించవద్దు, డాక్టరు చూశాకే మిగతావన్నీ.

మీరు ఫోన్లో చూసిన కరెంటు పట్టీ మాయ కాదు, 1961 నుంచీ ఉన్న పద్ధతే. మోకాలి బయటివైపు కింద చేతికి తగిలే ఎముక బొడిపె పక్కనుంచి పాదాన్ని ఎత్తే నరం వెళ్తుంది. అక్కడ చిన్న కరెంటు ఇస్తే ముందు కండరం ముడుచుకుని పాదం లేస్తుంది. మడమ కింద ఒక స్విచ్ ఉంటుంది, ఎడమ మడమ నేలనుంచి లేవగానే కరెంటు మొదలై, మడమ తిరిగి నేలను తాకాక ఆగుతుంది. స్విచ్ బదులు కాలి వంపును పసిగట్టే సెన్సర్ ఉన్న రకాలూ ఉన్నాయి. ఇంట్లో షూ లేకుండా తిరిగేవాళ్లకు సెన్సర్ రకమే వీలు. బజారులో నొప్పులకు అమ్మే టెన్స్ మెషీన్ ఈ పని చెయ్యదు, దానికి అడుగుతో కలిసి పనిచేసే స్విచ్ ఉండదు. పాదాలు పెట్టి కూర్చుంటే అదిరే మసాజ్ యంత్రాలూ అంతే, హాయిగా ఉంటాయేమో గానీ వాటివల్ల నడక రాదు.

ఈ పట్టీని కొనకముందే ఫిజియో దగ్గర ఒకటి రెండుసార్లు పెట్టించి చూడండి. రెండు జెల్ ప్యాడ్లు ఉంటాయి. ఒకటి ఆ ఎముక బొడిపెకు కాస్త కిందుగా, రెండోది మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కింద, ముంగాలి ఎముకకు బయటి పక్కన కండరం మీద. సెకనుకు 30 నుంచి 40 తరంగాలు చాలు, ఇంకా పెంచితే కండరం త్వరగా అలిసిపోతుంది. పాదం నేరుగా పైకి లేవాలి. బాగా బయటికి తిరుగుతుంటే ప్యాడ్లను అర సెంటీమీటరు ముంగాలి వైపు జరపాలి, లోపలికి తిరుగుతుంటే బయటివైపుకు. కుదిరిన చోట చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టుకుంటే రోజూ వెతుక్కోనక్కర్లేదు. మొదట రోజుకు రెండుసార్లు పదిహేనేసి నిమిషాలు మాత్రమే. కరెంటు వచ్చినప్పుడల్లా ఆయన కూడా మనసు పెట్టి పాదం ఎత్తే ప్రయత్నం చెయ్యాలి. ఊరికే ఎత్తించుకుంటే నేర్చుకునేది తక్కువ.

విశాఖలో దీనితో వచ్చే ఇబ్బంది చెమట. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఈ ఉక్కకు ప్యాడ్ల అంచులు లేచిపోతాయి, లేచిన అంచున కరెంటు ఒకచోట చేరి చురుక్కుమంటుంది. కాలు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరాక పెట్టాలి. కాలికి నూనె రాసి మర్దన చేసే అలవాటుంటే దాన్ని రాత్రికి మార్చండి, నూనె జిడ్డు మీద ప్యాడ్ అంటుకోదు, కరెంటు సరిగా దిగదు. వెంట్రుకలు కత్తెరతో పొట్టి చెయ్యండి, బ్లేడుతో గీస్తే చర్మం మండుతుంది. తీశాక ప్యాడ్లను ప్లాస్టిక్ అట్టకు అంటించి మూసి ఉంచాలి. ప్యాడ్లు మళ్లీ మళ్లీ కొనాల్సిన ఖర్చని అమ్మేవాళ్లు ముందు చెప్పరు, మీరే అడగండి. పేస్‌మేకర్ ఉన్నవారికి, అదుపులో లేని ఫిట్స్ ఉన్నవారికి, కాలిలో రక్తం గడ్డ ఉన్నవారికి, ప్యాడ్ పెట్టే చోట పుండు ఉన్నవారికి ఇది పనికిరాదు.

ట్రెడ్‌మిల్ దగ్గరికి వద్దాం. సొంతంగా నాలుగడుగులు వెయ్యగలిగినవారికి ట్రెడ్‌మిల్ నడక వేగాన్నీ దమ్మునూ పెంచుతుంది, ఇది గట్టిగా నిలబడ్డ విషయం. మీవారు ఆ కోవలోనే ఉన్నారు. అందుకే మా సలహా, ముందు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఫిజియోథెరపీ విభాగంలో గానీ మీకు దగ్గరలో నరాల జబ్బులవారికి ఫిజియో చేసే సెంటర్‌లో గానీ అడిగి, వాళ్ల పర్యవేక్షణలో వారానికి మూడు రోజులు, నెల రోజులు ట్రెడ్‌మిల్ మీద నడిపించండి. నేల మీద గంటకు 1.6 కిలోమీటర్ల వేగం ఉన్న మనిషిని ట్రెడ్‌మిల్ మీద 1.0 దగ్గర మొదలుపెట్టాలి. రెండు మూడు నిమిషాలకోసారి 0.1 పెంచుతూ, అడుగు చెడిపోయే చోట ఆగి ఒక మెట్టు దిగాలి. కుడి చేత్తో కడ్డీని వేళ్లతో తాకినట్టు పట్టుకోవాలి. ఒళ్లంతా కడ్డీ మీద వాలితే అంకె పెరుగుతుంది గానీ బరువు కాళ్ల మీద పడదు, నెలల తరబడి చేసి ఫలితం లేదనేవారిలో చాలామంది చేసే పొరపాటు ఇదే. దిగగానే నేల కదులుతున్నట్టు ఉంటుంది, వెనకే కుర్చీ ఉండాలి. ఒక నిమిషం కూర్చుని, వెంటనే ఐదు నిమిషాలు అదే వేగంతో నేల మీద నడవాలి. ట్రెడ్‌మిల్ మీద వచ్చింది ట్రెడ్‌మిల్ మీదే ఉండిపోకూడదంటే ఈ ఐదు నిమిషాలు మానొద్దు.

ఆ నెల గడిచాక ఇంట్లో కొనాలనిపిస్తే ఇవి చూసుకోండి. జిమ్ముల్లో పరిగెత్తేవాళ్లకు చేసిన వాటిలో చాలావరకు 0.8 లేదా 1.0 వేగంతోనే మొదలవుతాయి, అంతకంటే తక్కువతో మొదలై 0.1 చొప్పున పెరిగేది మేలు. చిన్న మోటారు అంత నెమ్మదిగా తిరిగేటప్పుడు బరువైన మనిషి అడుగు పడగానే బెల్టు ఒక్క క్షణం ఆగి కుదుపుతుంది, ఆ కుదుపుకే మోకాలు మడత పడుతుంది. కాబట్టి షాపులో ఆయన బరువున్న మనిషిని అత్యల్ప వేగంలో ఎక్కించి చూడండి. బెల్టు వెడల్పు కనీసం 45 సెంటీమీటర్లు, వీలైతే 50, కాలు తిప్పి వేసేవారి పాదం పక్క చట్రానికి తగలకుండా. కడ్డీలు ముందువైపే కాక పక్కల పొడవునా ఉండాలి. కడ్డీల్లేని వాకింగ్ ప్యాడ్లు ఎంత చవకైనా వద్దు. చొక్కాకు తగిలించుకునే ఎమర్జెన్సీ క్లిప్ తప్పనిసరి, అయితే అది ప్రతిసారీ తగిలించుకుంటేనే. కరెంటు పోతే బెల్టు ఠక్కున ఆగుతుంది, అందుకని మీరు పక్కన లేకుండా ఎక్కనివ్వకండి. మనిషిని పైనుంచి పట్టి ఉంచడానికి ఫ్యాను కొక్కేనికి తాడు కట్టే ఆలోచన ఎవరైనా చెబితే వినొద్దు, అది ఫ్యాను బరువుకు పెట్టింది, పడబోయే మనిషి కుదుపుకు కాదు.

రోబో గురించి సూటిగా చెప్తాం. స్విట్జర్లాండ్ లోకోమాట్ గానీ, తిరువనంతపురంలోని జెన్‌రోబోటిక్స్ తయారుచేసిన జి-గైటర్ గానీ, మనిషిని బెల్టులతో పట్టి ఉంచి కాళ్లను నడక తీరులో కదిలించే యంత్రాలు. పక్షవాతం వచ్చిన మొదటి మూడు నెలల్లో, అసలు నడవలేని స్థితిలో ఉన్నవారికి మామూలు ఫిజియోతో కలిపి ఇస్తే సొంతంగా నడిచే అవకాశం పెరుగుతుంది. ఇద్దరు ముగ్గురు ఫిజియోలు కలిసి మోసి నడిపించాల్సిన మనిషికి అది వరం. మీవారు ఆ దశ దాటేశారు. ఆరు నెలలు దాటి, కర్రతోనైనా నడుస్తున్నవారికి నడక వేగం కోసం రోబోను వాడవద్దని, దాని బదులు ఆయాసం వచ్చే స్థాయిలో నడిపించడం మేలని అమెరికాలోని నరాల ఫిజియోథెరపిస్టుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకం చెబుతోంది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది: కాలును యంత్రం కదిలిస్తుంటే ఆయన శ్రమ తగ్గుతుంది. అదే మార్గదర్శకం తెర మీద దృశ్యాలు చూస్తూ నడిచే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) శిక్షణను మాత్రం సమర్థించింది. సెంటర్‌లో ఎదురుగా పెద్ద తెర పెట్టి నడిపిస్తే మంచిదే. కళ్లకు తగిలించుకునే వీఆర్ పెట్టెను ఇంట్లో నిలబడి వాడటం వద్దు, నేల కనపడక పడతారు.

రెండు మూడు వారాల్లో కారిడార్ నడక కుదురుకున్నాక బయటికి తీసుకెళ్లండి. శివాజీ పార్కులోనో సెంట్రల్ పార్కులోనో చదునైన బాట మీద, ఎండాకాలమైతే ఏడు గంటలలోపు. బీచ్‌రోడ్డు ఫుట్‌పాత్ కూడా బాగుంటుంది గానీ ఇసుకలో దింపకండి. ఇసుకలో నడిస్తే కాళ్లకు బలమని చెప్పేవారుంటారు, వాలే పాదం ఇసుకలో కూరుకుని మెలిక పడుతుంది. మన ఊళ్లో సగం వీధులు ఎత్తుపల్లాలే కాబట్టి ఎప్పటికైనా వాలు మీద నడవాలి, ఎక్కడం ముందు నేర్పండి, దిగడం తర్వాత. దిగేటప్పుడు మోకాలికి పట్టు ఎక్కువ కావాలి.

ఆరు వారాల తర్వాత మళ్లీ అదే గీతల మధ్య 10 మీటర్లు కొలవండి. సెకనుకు 0.16 మీటర్లు పెరిగితే, అంటే 22 సెకన్లు పట్టేది 16కి దిగితే, అది కంటికి కనపడే, ఆయనకే తెలిసే మార్పు. అప్పుడు ఇదే దారిలో పోవచ్చు, కొత్తగా ఏమీ కొననక్కర్లేదు. ఒకటి రెండు సెకన్లే తగ్గితే రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి ఫిజియోకి చూపించండి. పాదమే అడ్డమైతే కరెంటు పట్టీ ఆలోచించవచ్చు. పాదం బాగుండి దమ్ము చాలకపోతే ట్రెడ్‌మిల్. మోకాలు వెనక్కి విరుగుతుంటే రెండూ కావు, స్ప్లింట్ కోణం మార్చి, తొడ, తుంటి కండరాల బలం పెంచాలి.

మీ అబ్బాయి పంపే లక్షన్నరలో మొదటి ఖర్చు స్ప్లింట్ సరిచేయించడం, మంచి షూ, నడుం బెల్టు. తర్వాత నరాల జబ్బుల్లో అనుభవమున్న ఫిజియోను వారానికి రెండు మూడుసార్లు ఇంటికి రప్పించుకోవడం, మూడు నెలలపాటు. మిగిలింది ఆరు వారాల కొలత చూసేదాకా బ్యాంకులోనే ఉంచండి. దూరంగా ఉన్నందుకు బాధపడుతున్నాడేమో, వాడికీ ఒక పని అప్పజెప్పండి: ప్రతి ఆదివారం మీరు పంపే వీడియోలో పది మీటర్లకు ఎన్ని సెకన్లో, ఎన్ని అడుగులో లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసి ఉంచమనండి. మీకు వంటింటి పనిలో ఆ లెక్క తప్పిపోవచ్చు, వాడికి తప్పిపోదు.